ఫ్యాక్టరీ వచ్చింది సరే, ఎగుమతి ఎవరిది?

వియత్నాం జనాభా పది కోట్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంత అవుతుందో, అంతకంటే కాస్త ఎక్కువ. 2023లో ఆ దేశం సుమారు 355 బిలియన్ డాలర్ల సరుకు ఎగుమతి చేసింది. 140 కోట్ల మంది ఉన్న మన దేశం 2023-24లో చేసింది 437 బిలియన్ డాలర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, ‘వాళ్లు విదేశీ కంపెనీలకు తలుపులు బార్లా తీశారు, మనం తీయలేదు, అందుకే ఇలా ఉన్నాం’ అని తేల్చేసేవాళ్లు టీవీ చర్చల్లో రోజూ కనిపిస్తారు.

అందులో సగం నిజం. వియత్నాం ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ పెట్టుబడితో నడిచే కంపెనీలవే. 1990ల మధ్యలో ఈ వాటా పావు వంతుకు అటూ ఇటూగా ఉండేది. మిగతా సగం నిజం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆ దేశంలోని విదేశీ కంపెనీల ఎగుమతి, దిగుమతుల లెక్క విడిగా తీస్తే ఏటా భారీ మిగులు కనిపిస్తుంది. స్వదేశీ కంపెనీల లెక్క తీస్తే లోటు. ఒకే దేశంలో రెండు ఆర్థిక వ్యవస్థలు పక్కపక్కనే నడుస్తున్నాయన్నమాట. కాబట్టి విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి (ఎఫ్‌డీఐ) వస్తే ఎగుమతులు పెరుగుతాయా అని అడిగితే అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేం. వచ్చిన కంపెనీ సరుకు ఎవరికి అమ్ముతోంది, ముడిసరుకు ఎవరి దగ్గర కొంటోంది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు చిక్కు విడిపోతుంది.

అమ్మడానికి వచ్చేవాళ్లు, చేయించుకోవడానికి వచ్చేవాళ్లు

విదేశీ కంపెనీ పరాయి దేశంలో ఫ్యాక్టరీ పెట్టడానికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి. ఇక్కడి జనానికి సరుకు అమ్ముకోవడానికి కొందరు వస్తారు. ఇక్కడ తక్కువ ఖర్చుతో చేయించుకుని బయట అమ్ముకోవడానికి కొందరు వస్తారు. భూమిలో ఉన్నది తవ్వుకుపోవడానికి కొందరు వస్తారు. ఈ చివరి రకంతో ఎగుమతి అంకెలు పెరగడం ఖాయం. గని చుట్టుపక్కల ఊళ్లకు మిగిలేది ఎంత అన్నది వేరే కథ, దాన్ని ఇక్కడ ఎత్తుకోను.

మన దేశానికి ఎక్కువకాలం వచ్చినవాళ్లు మొదటి రకమే. సుజుకి 1982లో మారుతితో ఒప్పందం చేసుకుంది భారతీయులకు కార్లు అమ్మడానికి. పూర్తిగా తయారైన కారు దిగుమతి చేసుకుంటే సుంకం భరించలేనంత ఉంటుంది కాబట్టి, అదే కారును ఆ సుంకం గోడకు ఇవతల బిగిస్తే లాభం. ఇలాంటి పెట్టుబడికి కారణం మన సుంకమే. దానివల్ల దిగుమతి తగ్గవచ్చు కానీ ఎగుమతి తనంతట తాను పెరగదు. పైగా మొదటి కొన్నేళ్లు యంత్రాలు, విడిభాగాలు బయటినుంచి రావాలి, రాయల్టీ బయటికి వెళ్లాలి. ఫ్యాక్టరీ వచ్చాక విదేశీ మారక ద్రవ్యం లెక్క కొన్నాళ్లపాటు దిగజారడం కూడా మామూలే.

అలాగని ఈ రకాల మధ్య గీత ఎప్పటికీ అక్కడే ఉండదు. 1998లో చెన్నై పక్కన శాంత్రోతో మొదలుపెట్టిన హ్యుందాయ్ వచ్చింది ఇక్కడి మార్కెట్ కోసమే. ఆ మరుసటి ఏడాది నుంచే బయటికి పంపడం మొదలుపెట్టి, 2020 నాటికి 30 లక్షల కార్లు ఎగుమతి చేసింది. చిన్న కార్లకు ఇక్కడ గిరాకీ ఎక్కువ. పెద్ద సంఖ్యలో చేస్తే ఒక్కో కారుకు ఖర్చు తగ్గుతుంది. ఖర్చు తగ్గితే ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు పంపినా గిట్టుబాటవుతుంది. అదే కుటుంబానికి చెందిన కియా 2017లో ఉమ్మడి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకుంది. 2019లో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. అక్కడి కార్లు ఇప్పుడు పశ్చిమాసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకూ వెళ్తున్నాయి. వేరుశనగ తప్ప మరోటి పండని నేల నుంచి కారు ఓడెక్కుతోందంటే చిన్న విషయం కాదు. అయితే కియాతోపాటే కొరియా విడిభాగాల కంపెనీలూ దిగాయి. పెళ్లివారు వంటవాళ్లనూ సరుకులనూ తమ ఊరినుంచే వెంటబెట్టుకు వచ్చినట్టు. అప్పుడు ఊళ్లో కిరాణా కొట్టుకు దక్కే బేరం ఎంత?

రెండో రకానికి మన దగ్గర మంచి ఉదాహరణ అచ్యుతాపురంలోని బ్రాండిక్స్. శ్రీలంక కంపెనీ. ఇక్కడివాళ్లకు దుస్తులు అమ్మడానికి కాదు వచ్చింది, కుట్టించి బయటికి పంపడానికి. విశాఖ చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లవారకుండానే బస్సుల్లో వెళ్లే ఆడపిల్లలను చూసినవాళ్లకు ఆ ఫ్యాక్టరీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తడ దగ్గర బూట్లు చేసే తైవాన్ కంపెనీ అపాచీదీ ఇదే తరహా. ఇలాంటి కంపెనీకి మన మార్కెట్ పెద్దదా చిన్నదా అన్న పట్టింపు ఉండదు. రేవు ఎంత దూరం, కరెంటు పోతుందా, కస్టమ్స్‌లో కంటైనర్ ఎన్ని రోజులు ఆగుతుంది, బయటినుంచి తెచ్చుకునే గుడ్డకూ జిప్పుకూ సుంకం పడుతుందా, ఇవే వాళ్ల లెక్కలు. ఈ చివరిదాన్ని మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. దిగుమతిపై వేసిన సుంకం ఎగుమతి మీద వేసిన పన్నుతో సమానం. జిప్పు ఖరీదైతే చొక్కా ఖరీదవుతుంది, ఆర్డరు ఢాకాకు పోతుంది.

ఒక్క ఫోన్ విప్పి చూస్తే

వియత్నాం ఈ లెక్కలన్నీ వరసగా సరిచేసుకుంటూ వచ్చింది. 1986లో ‘దొయ్ మొయ్’ పేరిట సంస్కరణలు మొదలయ్యాయి. 1987 చివర్లో విదేశీ పెట్టుబడుల చట్టం వచ్చింది. 2001లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థ(డబ్ల్యూటీవో)లో చేరింది. 2008లో హనోయ్ పక్కనున్న బాక్ నిన్‌లో శాంసంగ్‌కు అనుమతి, మరుసటి ఏడాది ఉత్పత్తి, ఆ తర్వాత థాయ్ ఙుయెన్‌లో ఇంకా పెద్ద ఫ్యాక్టరీ. ఇప్పుడు శాంసంగ్ ప్రపంచమంతా అమ్మే స్మార్ట్‌ఫోన్లలో సగం దాకా వియత్నాంలోనే తయారవుతాయి. నాలుగేళ్లు పన్ను లేదు, తర్వాత తొమ్మిదేళ్లు సగం పన్ను లాంటి రాయితీలు ఇచ్చారు. బాక్ నిన్ నుంచి విమానాశ్రయం దగ్గర. చైనా సరిహద్దు కూడా కొన్ని గంటల దూరమే. దక్షిణ చైనా ఫ్యాక్టరీలో చేసిన భాగం లారీలో బయల్దేరితే త్వరగానే బాక్ నిన్ అసెంబ్లీ లైన్‌కు చేరిపోతుంది.

ఆ లారీలోనే ఉంది అసలు చిక్కు. ఫోన్ ఓ దేశం గడప దాటినప్పుడు కస్టమ్స్ పుస్తకంలో పడేది దాని మొత్తం ధర. అందులో ఎవరి వాటా ఎంతో అక్కడ రాయరు. దీని మీద బాగా ప్రచారమైన లెక్క ఒకటుంది. 2009లో చైనాలో బిగించిన ఐఫోన్ 3జీ తయారీ ఖర్చు 178.96 డాలర్లు. అందులో చైనా కార్మికులు దాన్ని బిగించినందుకు దక్కింది 6.50 డాలర్లు, అంటే వందకు నాలుగు కూడా లేదు. మిగతాదంతా జపాన్, జర్మనీ, కొరియా, అమెరికా వగైరా దేశాల విడిభాగాల సొమ్ము. కానీ ఎగుమతి గణాంకాల్లో 179 డాలర్లూ చైనా ఖాతాలోనే. ఎగుమతి పెరిగిందని రాజధానిలో పండగ చేసుకుంటుంటే, జీతాలుగా, లాభాలుగా, పన్నులుగా దేశంలో మిగిలింది ఆరున్నర డాలర్లన్నమాట.

చైనా అక్కడే ఆగిపోలేదు కాబట్టి చైనా అయింది. 2005 ప్రాంతంలో ఆ దేశ ఎగుమతుల్లో విదేశీ కంపెనీల వాటా 58 శాతం. ఆ తర్వాత అది ఏటా తగ్గుతూ, ఇప్పుడు మూడో వంతు కంటే దిగువకు వచ్చింది. విదేశీ కంపెనీలు పారిపోయాయని కాదు, వాటి పక్కనే పుట్టిన స్వదేశీ కంపెనీలు పెద్దవయ్యాయి. ఐఫోన్ ఎక్స్ వచ్చేసరికి ఆ ఫోన్ ఖర్చులో చైనా వాటా దాదాపు నాలుగో వంతుకు చేరింది. బిగించే కూలీ పెరగడం వల్ల వచ్చిన మార్పు కాదది. బ్యాటరీ ప్యాకులు, కెమెరా మాడ్యూళ్లు, లోపలి చిన్నాచితకా భాగాలు చైనా కంపెనీలే చేయడం నేర్చుకున్నాయి.

వియత్నాం ఇంకా ఆ దారిలో మొదటి మెట్ల దగ్గరే ఉంది. 2014లో శాంసంగ్‌కు నేరుగా సరఫరా చేసే వియత్నాం కంపెనీలు నాలుగంటే నాలుగు. 2020 నాటికి యాభై దాకా అయ్యాయని లెక్క. పెరుగుదలే. కానీ వాటిలో అట్టపెట్టెలు, ప్లాస్టిక్ భాగాలు చేసేవాళ్లే ఎక్కువ. చిప్పు, తెర, కెమెరా ఇంకా అందని ద్రాక్షే. మరోవైపు మెక్సికో ఉంది. అమెరికా సరిహద్దు వెంట ‘మకిలదోరా’ అనే ఎగుమతి ఫ్యాక్టరీలను 1965లోనే మొదలుపెట్టింది. దశాబ్దాలు గడిచినా ఆ ఫ్యాక్టరీలు వాడే విడిభాగాల్లో మెక్సికోలో కొన్నవి రెండు మూడు శాతం దాటలేదు. ఉద్యోగాలొచ్చాయి, ఎగుమతులు దూసుకెళ్లాయి, చుట్టుపక్కల పారిశ్రామికవేత్త మాత్రం పుట్టలేదు. 2001లో చైనా డబ్ల్యూటీవోలో చేరగానే వాటిలో కొన్ని కంపెనీలు అటు సర్దుకున్నాయి.

పెట్టుబడి లేకుండా ఎగుమతి

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది బంగ్లాదేశ్ కథ. ఎఫ్‌డీఐ అంటే డాలర్లే అనుకునేవాళ్లకు దీన్ని ఒక్కసారైనా చెప్పాలి.

1970ల చివర్లో కొరియాకు ఒక ఇబ్బంది వచ్చిపడింది. బట్టల దిగుమతిపై అమెరికా, యూరప్ దేశాలు 1974 నుంచి ఒక్కో దేశానికి ఇంత అని కోటాలు పెట్టాయి. కొరియా కోటా నిండిపోయింది. బంగ్లాదేశ్ కోటా ఖాళీగా పడి ఉంది, ఎందుకంటే అక్కడ బట్టల పరిశ్రమే లేదు. దేవూ కంపెనీ అధిపతి కిమ్ వూ-జుంగ్, ప్రభుత్వ ఉద్యోగం వదిలి వ్యాపారంలోకి వచ్చిన నూరుల్ ఖాదిర్‌తో చేతులు కలిపారు. 1979లో ఖాదిర్ కంపెనీ దేశ్ గార్మెంట్స్ నుంచి 130 మందిని బూసాన్‌లోని దేవూ ఫ్యాక్టరీకి ఆరు నెలల శిక్షణకు పంపారు. కత్తిరింపు, కుట్టు, నాణ్యత తనిఖీ, విదేశీ కొనుగోలుదారుతో ఉత్తర ప్రత్యుత్తరాలు, అన్నీ నేర్పారు. 1980లో చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్‌లో ఉత్పత్తి మొదలైంది. దేవూ ఇందులో వాటా పెట్టలేదు. అమ్మకాల మీద కమిషన్, రాయల్టీ తీసుకుంది, అంతే. ఆ ఒప్పందం కూడా రెండేళ్లు తిరక్కుండానే తెగిపోయింది.

శిక్షణకు వెళ్లిన 130 మందిలో తర్వాతి ఏళ్లలో 115 మంది దేశ్‌ను వదిలేశారు. కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, కొందరు వేరేవాళ్ల ఫ్యాక్టరీలు నిలబెట్టారు. నూరుల్ ఖాదిర్ కంపెనీకి అది దెబ్బే. దేశానికి మాత్రం పరిశ్రమ దక్కింది. ఇప్పుడు బంగ్లాదేశ్ ఎగుమతుల్లో 80 శాతం పైన బట్టలే, ఆ ఫ్యాక్టరీల్లో అత్యధికం అక్కడివాళ్ల సొంతవే.

ఇందులో నైపుణ్యం ఎంత ముఖ్యమో, రెండు కాగితాలు కూడా అంతే ముఖ్యం. ఒకటి బాండెడ్ వేర్‌హౌస్ లైసెన్సు. ఎగుమతి కోసం తెచ్చిన గుడ్డను సుంకం కట్టకుండా కస్టమ్స్ నిఘాలో ఉన్న గోడౌన్‌లో పెట్టుకోవచ్చు. చొక్కాగా మారి బయటికి పోతే సుంకమే లేదు. రెండోది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. న్యూయార్క్ షాపువాడు చొక్కాలకిచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను (సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామనే బ్యాంకు హామీ పత్రం, అదే ఎల్‌సీ) బ్యాంకులో చూపిస్తే, దాని ఆధారంగా గుడ్డ కొనడానికి ఇంకో ఎల్‌సీ తెరుస్తారు. చేతిలో ముడిసరుకు కొనేంత డబ్బు లేకపోయినా, ఆర్డరుంటే చాలు. ఈ రెండూ లేకపోతే ఆ 115 మంది ఇంకోచోట సూపర్‌వైజర్లుగా మిగిలేవారు.

మన హైదరాబాద్ మందుల కథ దీనికి దగ్గరి బంధువు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశీయ మందుల మార్కెట్‌లో పెద్ద భాగం విదేశీ కంపెనీలదే. ఇక్కడ అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు కాబట్టి ఎగుమతి గొడవ వాళ్లకు పట్టలేదు. 1961లో సోవియట్ సహకారంతో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది, దాని మందుల ఫ్యాక్టరీ బాలానగర్‌లో. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాక, మందు చేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో చేయగలిగితే అదే మందు అమ్ముకోవచ్చు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కెమిస్టులు బయటికొచ్చి బల్క్ డ్రగ్స్ (మందుల్లో వాడే అసలు రసాయనాలు) యూనిట్లు పెట్టారు. అలా వచ్చినవారిలో ఒకరైన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ప్రారంభించారు. ఎగుమతులు వాటి వెనకాలే వచ్చాయి. ఆ పరిశ్రమ పారబోసిన రసాయనాలతో పటాన్‌చెరు చెరువులు ఏమయ్యాయో కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

విదేశీ పెట్టుబడి ఇక్కడికి గట్టిగా వచ్చింది ఆ తర్వాతే. 2006లో అమెరికా కంపెనీ మైలాన్, సికింద్రాబాద్‌లోని మ్యాట్రిక్స్ లేబొరేటరీస్‌లో మెజారిటీ వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. అప్పటికే మ్యాట్రిక్స్ పెద్ద ఎగుమతిదారు. ఎఫ్‌డీఐ పెరిగిన రంగంలో ఎగుమతులూ పెరిగాయని పక్కపక్కన రెండు గీతలు గీసి చూపించే పట్టికలను జాగ్రత్తగా చదవాలనడానికి ఇదే కారణం. చాలాసార్లు ఎగుమతి ముందు, ఎఫ్‌డీఐ తర్వాత. బాగా ఆడుతున్న జట్టునే కదా కొనేది!

పక్క కంపెనీకి మేలా, కీడా?

విదేశీ ఫ్యాక్టరీ ఉంటే దాని గాలి సోకి స్థానిక కంపెనీలు కూడా మెరుగవుతాయనే నమ్మకం చాలాకాలం ఉండేది. బ్రయాన్ ఐట్‌కెన్, ఆన్ హారిసన్ అనే ఆర్థికవేత్తలు వెనిజులా ఫ్యాక్టరీల లెక్కలు తీసి 1999లో ప్రచురించాక అది కాస్త సడలింది. విదేశీ పెట్టుబడి పెరిగిన రంగాల్లో అదే సరుకు చేసే స్వదేశీ కంపెనీల ఉత్పాదకత తగ్గినట్టు తేలింది. బేరాలు విదేశీ కంపెనీ లాక్కుంటుంది. మరి ఎవరూ బాగుపడలేదా? 2004లో బియాటా యావోర్చిక్ లిథువేనియా లెక్కలు తీశారు. అక్కడ మెరుగుపడినవి పోటీ కంపెనీలు కావు, విదేశీ ఫ్యాక్టరీలకు సరుకు అమ్మే కంపెనీలు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పోటీదారుకు రహస్యం తెలియకుండా ఉండాలని ఏ కంపెనీ అయినా చూస్తుంది. సరఫరాదారుకు మాత్రం తానే ఇంజినీర్లను పంపి నేర్పిస్తుంది, వాడు చెడగొడితే తన లైన్ ఆగిపోతుంది కనక. మారుతి మొదట్లో చేసిన పనీ ఇదే. విడిభాగాలు ఇక్కడే కొనాలని ప్రభుత్వం పట్టుబట్టింది, సుజుకి తన జపాన్ సరఫరాదారులను తెచ్చి ఇక్కడివాళ్లతో జట్టు కట్టించింది. ఆ వెండర్లే ఇవాళ ప్రపంచంలోని ఇతర కార్ల కంపెనీలకూ ఎగుమతి చేస్తున్నారు. 1995లో డబ్ల్యూటీవో వచ్చాక ‘ఇంత శాతం ఇక్కడే కొనాలి’ అని నేరుగా షరతు పెట్టే వీలు పోయింది. చైనా, కొరియా ఎక్కిన నిచ్చెన అది. తర్వాత వచ్చినవాళ్లకు అందలేదు. ఇందులో అన్యాయం ఉందనే నా అభిప్రాయం.

షెడ్డు ఖాళీ అయితే

1998లో ఇంటెల్ కోస్టారికాలో చిప్పుల పరీక్ష, అసెంబ్లీ ఫ్యాక్టరీ తెరిచింది. అరటిపళ్లు, కాఫీ అమ్ముకునే చిన్న దేశం కొద్ది ఏళ్లలోనే చిప్పుల ఎగుమతిదారుగా మారిపోయింది. ఒక దశలో దేశ ఎగుమతుల్లో అయిదో వంతు ఆ ఒక్క కంపెనీదే. 2014లో ఇంటెల్ ఆ పనిని ఆసియాకు తరలిస్తున్నట్టు ప్రకటించింది. వియత్నాం, మలేసియా, చైనా ఫ్యాక్టరీలకు ఆ పని వెళ్లింది. కోస్టారికాలో 1,500 ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది నవంబరులో శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ మూతపడింది. 2006లో మొదలై, ఒకప్పుడు వేలమందికి పనిచ్చిన చోటు. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్న మైక్రోసాఫ్ట్‌కు పన్ను వివాదంతో బదిలీ కాలేకపోయింది. అసలు నోకియా ఫోన్‌కే అప్పటికి రోజులు చెల్లాయి.

తర్వాత ఏమైందన్నది చూడాలి. కోస్టారికాకు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ఎగుమతి వైద్య పరికరాలు. చిప్పుల కోసం పెంచుకున్న టెక్నీషియన్లు, ఇంగ్లీషు వచ్చిన ఇంజినీర్లు, త్వరగా అనుమతులివ్వడానికి అలవాటు పడిన అధికారులు అక్కడే ఉన్నారు.  శ్రీపెరుంబుదూరులో నోకియా షెడ్డును చార్జర్లు చేసే సాల్‌కాంప్ తీసుకుంది. అదే ఊరి చుట్టూ ఇప్పుడు ఐఫోన్లు తయారవుతున్నాయి. 2024-25లో మన దేశం నుంచి లక్షన్నర కోట్ల రూపాయల ఐఫోన్లు ఎగుమతయ్యాయని కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రకటించారు. ఆ లక్షన్నర కోట్లలో మన వాటా ఎంతన్నది ఆ 6.50 డాలర్ల ప్రశ్నే.

ఆ ప్రశ్న ఇప్పుడు ఆర్థికవేత్తల చర్చ దాటి కస్టమ్స్ కౌంటర్ దాకా వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ వియత్నాం సరుకుపై 46 శాతం సుంకం ప్రకటించారు. బేరాలాడాక జులైలో 20 శాతానికి దించారు. ఇంకో దేశపు సరుకు వియత్నాం మీదుగా వస్తే మాత్రం 40 శాతం అన్నారు. గురి చైనా మీదే అని అందరికీ తెలుసు. స్థానికంగా కొన్నది ఎంతో కాగితాల మీద చూపించుకోవాల్సిన అవసరం బాక్ నిన్ ఫ్యాక్టరీలకు అప్పుడు వచ్చింది. మన దగ్గర పెట్టుబడుల సదస్సు జరిగిన ప్రతిసారీ ఎన్ని లక్షల కోట్ల ఎంవోయూలు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు అని పతాక శీర్షికలు వస్తాయి. ఫలానా కంపెనీ అయిదేళ్ల తర్వాత ఈ రాష్ట్రంలోని కంపెనీల దగ్గర ఎంత కొంటోంది అనే అంకెను ఏ ప్రభుత్వమూ ఏటా చెప్పిన పాపాన పోలేదు. రాయితీ ఇచ్చేటప్పుడు ఆ లెక్క సమర్పించాలని ఒక్క వాక్యం కలపడానికి డబ్ల్యూటీవో కూడా అడ్డు చెప్పదు.